గడి పోలిక

మా బాపు ముక్కు రాజు ముక్కు లెక్క ఉన్నదని మొట్టమొదలు అన్నది గడి సుధారాణి మేడమే. ఆ మాట ఇయ్యాల చెప్తే మా ఊర్ల ఎవ్వరు నమ్మరు.

వానకాలం వడ్లు కోతకొచ్చిన దినాలవి. నేను అప్పటికి కామారెడ్డిల ఒక ప్రైవేటు బడిల డ్రాయింగు టీచరును. అంతకుముందు జైపూర్ల ఒక ముసలి ఉస్తాదు కాడ మొగలాయి బొమ్మలు గీసుడు నేర్చుకున్న. జానెడు కాయిదం మీద, ఉడుత వెంట్రుకల కుంచెతోని, రాజును నిలబెట్టాలె. తలపాగ మీది ముత్యాలు సుత ఒక్కొక్కటి విడివిడిగ కనబడాలె. అంత కష్టపడి నేర్చుకున్న విద్య కామారెడ్డిల ఎవరికి అక్కరుంటది? పిల్లలకు మామిడికాయ, జాతీయ జెండ గీసుడు నేర్పుకుంట ఉన్న.

బడిల బొమ్మల ప్రదర్శన పెట్టినప్పుడు మేడం ముఖ్య అతిథిగ వచ్చింది. నా రాజుల బొమ్మల కాడ ఆగింది. ఎవరు గీసిన్రని అడిగితే నేనే అని ముందటికి పోయిన.

"ఏ ఊరమ్మా మీది?"

"మీ ఊరే మేడం. ఎల్లారెడ్డి అవతల. గంగారాం బిడ్డను."

ఆమె నన్ను కిందికెళ్ళి మీదిదాంక చూసింది. "అంటే సాలవ్వ మనవరాలివా! మా వాకిలి ఊడ్చిన సాలవ్వ!" అని నా భుజం మీద చెయ్యేసింది. తోటి టీచర్లు, పిల్లలు, పిల్లల తల్లులు అందరు వింటుండంగ అన్నది. ప్రేమగనే అన్నదనుకున్న.

మా ఊరి గడి, దొరల కోటిల్లు, ఏండ్లకేండ్లు గబ్బిలాల పాలయి ఉండె. దొరలు ఎప్పుడో హైదరాబాదు చేరిన్రు. సుధారాణి మేడం ఆ ఇంటి పెద్దకోడలు. ఆమె మళ్ళ వచ్చి గోడలకు రంగులేపిచ్చి, బురుజుకు లైట్లు కట్టిచ్చి, గడిని పెండ్లిళ్ళకు కిరాయికిచ్చే హాలు చేస్తున్నది. దర్వాజ మీద ప్యాలెస్ అని బోర్డు పెట్టిచ్చింది. ప్యాలెస్ అన్నంక రాజు ఉండాలె గద. వాళ్ళ వంశానికి మూలపురుషుడు మొగలాయిల కాలంల ఈ చుట్టుపక్కల ఊర్లకు రాజుగ ఉండెనట. ఆయనది బొమ్మ లేదు, గిమ్మ లేదు. ఆ బొమ్మ గీయిమని నన్ను గడికి పిలిచింది.

"అచ్చం ఆ కాలంలో గీసినట్టు ఉండాలి అనిలా. చూసినవాళ్ళు పాతదే అనుకోవాలి," అన్నది.

మొగలాయి బొమ్మల రాజు ఎప్పుడు పక్కకే చూస్తడు. ఒక కన్ను, ఒక చెవి, నొసలు కాడికెళ్ళి గదవ దాంక ఒకటే గీత. రాచరికం ఆ గీతలనే ఉండాలె. అందుకని వాళ్ళ ఇంటి మొగోళ్ళ ఫోటోలు ఇయ్యిమని అడిగిన. ఆల్బం తెచ్చింది. అందరివి గుండ్రటి మొహాలు, అణిగిన ముక్కులు. మేడం తనే నవ్వింది. "వీళ్ళను పక్కనుంచి గీస్తే బూరె గీసినట్టుంటుంది."

అప్పుడే బాపు నాకు సద్దిగిన్నె తీసుకొని టీవీఎస్ బండి మీద వచ్చిండు. దర్వాజ బయటనే చెప్పులిడిచి, భుజం మీది తువ్వాల చేతిలకు తీసుకొని నిలబడ్డడు. లోపటికి రా బాపు అంటే రాలె. గడి ముందట ఆయనకు అట్ల నిలబడుడే అలవాటు.

మేడం ఆయన దిక్కు చూసింది. మళ్ళ చూసింది.

"గంగారాం, అట్లనే ఉండు. కొంచెం మొహం పక్కకు తిప్పు."

బాపు ఏందో అనుకొని తిప్పిండు.

"అనిలా, ఆ ముక్కు చూడు! రాజంటే అట్లుండాలి. నాకు అదే కావాలి. మీ నాయన్నే కూర్చోబెట్టి గీయి."

ఇంటికి పోయి చెప్తే మా అమ్మ భూమక్క కడుపు పట్టుకొని నవ్వింది. మా బాపమ్మ సాలవ్వ చాటల బియ్యం ఏరుకుంట ఉన్నది. తలెత్తలె.

"యాడ కూసోబెడ్తరంట వాన్ని?"

"కుర్చీల, బాపమ్మా."

"గడి లోపట్నా?"

"అవు. పెద్ద హాలుల."

బాపమ్మ ఒక రాయి తీసి అవతల పారేసింది. "రాజులకు మన మొహాలెందుకు బిడ్డ? వాళ్ళ మొహాలేమయినయి?"

ఆ మాటకు నేను సుత నవ్విన.

*

శని, ఆదివారాలు నేను కామారెడ్డికెళ్ళి బస్సెక్కి వచ్చేది. బాపు పొద్దుగాల పొలం చూసుకొని, తానం చేసి, ఇస్త్రీ అంగి ఏసుకొని గడికొచ్చేది. నక్షి చెక్కిన పెద్ద కుర్చీ. నెత్తికి ఎర్రటి పట్టుగుడ్డ చుట్టిన. చేతిల గులాబిపువ్వు పెట్టిన. ఆ బొమ్మల రాజులు ఒక చేత కత్తి పట్టుకుంటరు, ఇంకో చేత పువ్వు వాసన చూస్తరు.

మొదటి దినం బాపు కుర్చీ అంచు మీద కూసున్నడు.

"ఎనకకు ఆనుకో బాపు."

"వద్దు బిడ్డ. గుడ్డకు చెమట అంటుతది."

పువ్వు పట్టుకొని వడ్ల ముచ్చటే చెప్పేటోడు. పోచారం కాలువ కింద కోతలయినయి. కొనుగోలు కేంద్రం కాడ వడ్లు కుప్పలు పోసి కాంటా కోసం ఎదురుచూస్తున్నం. మబ్బు పట్టినప్పుడల్ల ఆయన పాణం కుప్ప మీదికే పోయేది. కదలకు బాపు, గదవ దించకు బాపు అని నేను అంటుంటి. మేడం కాఫీ పంపిచ్చేది. పింగాణి కప్పుల. బాపు ఆ కప్పును రెండు చేతులతోని పట్టుకొని, తాగినంక తనే కడిగి పెట్టేటోడు.

వారాలు గడిచినకొద్ది బాపు ఎనకకు ఆనుకున్నడు. ఒక దినం కప్పు కింద పెట్టి, కడుగుడు మరిసిపోయిండు. ఆఖరుకు కాలు మీద కాలేసుకొని కూసున్నడు. నాకు ముద్దొచ్చి ఫోన్ల ఫోటో తీసిన. అమ్మకు పంపిన.

పొరలు పొరలుగ అతికిచ్చిన కాయిదాన్ని నున్నటి రాయితోని రుద్ది రుద్ది అద్దం లెక్క చేసిన. రాళ్ళు నూరిన రంగులు తుమ్మబంకల కలిపిన. ముందుగాల రాజు తొడిగే పొడుగు అంగరక, నడుముపట్టి, కత్తి, కాళ్ళ కింది పచ్చిక గీసిన. నెత్తి చుట్టు బంగారి రేకుతోని వెలుగు పెట్టిన. ఆఖరుకు మొహం. అది బొటనవేలి గోరంత. ఆ గోరంతల మా బాపు నొసలు, ముక్కు, చెవితమ్మె మీద చిన్నప్పుడు తెగిన గీత సుత పట్టుకున్న. ఉస్తాదు చూస్తే మెచ్చుకునేటోడు. ఊరోళ్ళు చూస్తే ఎవలని గుర్తుపట్టేటందుకు కండ్లద్దాలు పెట్టుకోవాలె.

బొమ్మను కామారెడ్డికి తీసుకపోయి ఫ్రేము కట్టిచ్చి మేడంకు ఇచ్చిన.

ఈ నడుమ పంచాయతి ఎలక్షన్లు వచ్చినయి. సర్పంచి ఆడోళ్ళకు రిజర్వయింది. అమ్మ మహిళా సంఘం నడిపిచ్చేది. సంఘం ఆడోళ్ళు పది మంది ఇంటికొచ్చి, నువ్వే నిలబడాలక్కా అన్నరు. గడి తరఫున రుక్మాబాయిని నిలబెట్టిన్రు. ఆమె పెనిమిటి రాములు గడి పొలాలు చూసుకునేటోడు. గెలిస్తే సర్పంచి పేరు రుక్మాబాయిది, పెత్తనం గడిది. ఇది ఊరంతకు తెలుసు.

మేడం నాకు ఫోన్ చేసింది. గొంతు ఎప్పటి లెక్కనే మెత్తగ ఉన్నది.

"మీ అమ్మకు ఈ రాజకీయాలెందుకు అనిలా? ఉన్న గౌరవం పోగొట్టుకోవద్దని చెప్పు."

ఓడిపోతే పరువు పోతదంటున్నదేమో అనుకున్న. అమ్మకు చెప్పిన.

"మనకు గౌరవం ఉన్నదని గడికి ఎప్పుడెర్కైందట?" అని అమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకొని నామినేషన్ ఎయ్యపోయింది.

*

హాలు తెరిచిన దినం ఊరంతకు భోజనాలు. బాపమ్మ రాలె. గడి కూడు సాలు అన్నది. బాపు, అమ్మ, నేను పోయినం.

దర్వాజ కాడికి పోంగనే నా కాళ్ళు ఆగినయి. బొమ్మ చిన్నగున్నదని మేడం దాన్ని కామారెడ్డిల ఫ్లెక్సీ కొట్టిచ్చింది. గడి గోడంత ఎత్తు. నేను గోరంత గీసిన మొహం బండిచక్రమంత అయి ఊరి మీదికి చూస్తున్నది. ముక్కు, గదవ, చెవితమ్మె మీది తెగిన గీత. చిన్న పోరడు సుత పట్టేస్తడు.

జనం గుంపులు గుంపులుగ నిలబడి చూస్తున్నరు. రాములు అందర్ల నిలబడి గట్టిగ అన్నడు, "అరె, రాజు మన గంగారాం లెక్కున్నడేందిరా!"

అందరు నవ్విన్రు. బాపు సుత సిగ్గుపడి నవ్విండు. మేడం చేతిల మైకు ఉన్నది. ఇప్పుడు చెప్తది, గంగారామే కూసున్నడని, ఆయన్ని చూసే అనిల గీసిందని. చప్పట్లు కొడ్తరు. నేను కొంగు సర్దుకున్న సుత.

మేడం ఫ్లెక్సీ దిక్కు చూసింది. బాపు దిక్కు చూసింది. అమ్మ దిక్కు సుత ఒక్క చూపు చూసింది.

"పోలికలెక్కడికి పోతాయి?" అన్నది మైకుల, మెల్లగ. "మా పెద్దల పోలికలు ఈ ఊళ్ళో ఇంకా ఉన్నాయంటే మాకూ సంతోషమే. అందరూ భోజనాలకు లేవండి."

గంతే. ఆమె మైకు రాములు చేతికిచ్చి లోపటికి పోయింది.

ఊరికి ఆ మాట అర్థమయ్యేటందుకు కొంచెం సేపు పట్టింది. బంతిల కూసున్న ఆడోళ్ళ కాడ ముందుగాల చప్పుడు ఆగింది. తర్వాత ఎవరో ముసలాయన పక్కాయనతోని అన్నడు, "సాలవ్వ గడిలనే ఉండె గద... వయసుల ఉన్నప్పుడు." అది విస్తరి మీదికెళ్ళి విస్తరి మీదికి పోయింది. బాపు మొహం మీద నవ్వు ఇంక అట్లనే ఉన్నది. ఎప్పుడు తీసెయ్యాల్నో ఆయనకు తెలుస్తలేదు.

*

తెల్లారెటాళ్ళకు ఫ్లెక్సీ ఒక దిక్కు, బాపు మొహం ఒక దిక్కు పెట్టి ఊరి వాట్సప్ గ్రూపుల తిప్పిన్రు. కొనుగోలు కేంద్రం కాడికి బాపు పోతే, "దొరొచ్చిండు, కుర్చేయిండ్రి" అని హమాలీలు నవ్విన్రు. చాయ్ హోటల్ల "దొరవారికి పింగాణి కప్పుల పొయ్యి" అన్నరు. అమ్మ ఓట్లకు ఇండ్లిండ్లు తిరుగుతుంటె రాములు మనుషులు ఎనకనే తిరిగి, "గడి కోడలొచ్చింది, హారతియ్యిండ్రి" అని ఒర్రిన్రు.

నేను బడికి సెలవు పెట్టి వచ్చిన. కనబడ్డోళ్ళకల్ల చెప్పిన. మా బాపును కూసోబెట్టే గీసిన, ఆ రాజు మొహం ఎవలు చూడలేదు, మేడమే మా బాపును గీయిమన్నది అని. ఫోన్ల ఫోటోలు చూపిచ్చిన. బాపు పెద్ద కుర్చీల, కాలు మీద కాలేసుకొని.

మా ఇంటి ఎదురుంగ ఉండే పెద్దమ్మ ఆ ఫోటోను పెద్దగ చేసి చూసి, పక్కామెకు చూపిచ్చింది. "చూసినవా? ఊకెనే కూసోబెడ్తరా గడి కుర్చీల? సొంతోడు గనుకనే కూసోబెట్టిన్రు."

ఇగ ఎవలికి చూపిచ్చినా అదే మాట.

గడికి పోయిన. పెండ్లికొచ్చినోళ్ళు సామాను దించుతున్నరు. మేడం పూలోళ్ళతోని మాట్లాడుతున్నది. నన్ను చూసి కూసోమన్నది. నేను కూసోలె.

"మేడం, మీరే గద మా బాపును కూసోబెట్టింది. ఒక్క మాట చెప్పుండ్రి. మీరు చెప్తే ఊరు నమ్ముతది."

"నేనేమన్నాను అనిలా? పోలికలున్నాయన్నాను. లేవా?"

"ఆయన్ని చూసి గీస్తే పోలికలుండవా మేడం?"

"మరి అంతే కదా. ఊరివాళ్ళ నోళ్ళు నేను మూయగలనా?" ఒక బంతిపూల దండ చేతిలకు తీసుకొని తూకం చూసినట్టు చూసింది. "మీ అమ్మ తప్పుకుంటే, ఆ రోజే నేను మైకు పట్టుకొని చెప్తాను. నువ్వు రాసిచ్చినట్టే చెప్తాను."

"బొమ్మ నాకియ్యిండ్రి. మొహం మార్చి ఇస్త. తుమ్మబంక రంగులు, తడిగుడ్డ పెడ్తె పోతయి."

"అయ్యో వద్దు. చెయ్యి తిరిగిన పని, చెరపకు." నా చెంప మీద చిన్నగ తట్టింది. "నీకు మంచి భవిష్యత్తుంది అనిలా."

ఇంటికొచ్చి అమ్మకు చెప్పిన. అమ్మ కుదురుగ విన్నది. "నేను తప్పుకుంటే అది నిజమని ఒప్పుకున్నట్టే," అన్నది. మళ్ళ చెప్పులేసుకొని ఓట్లకు పోయింది.

*

బాపు ఇల్లు ఎల్లుడు బంద్ పెట్టిండు. వాకిట్ల మంచం మీద కూసొని అద్దం చూసుకునేటోడు. మా తాత రాజయ్యది ఒకే ఒక్క ఫోటో ఉండె, మసకగ, ముందటికెళ్ళి తీసింది. దాన్ని గోడకెళ్ళి తీసి అద్దం పక్కన పెట్టుకొని చూసేటోడు. మొహం పక్కకు తిప్పి ఓరకంట చూసేటోడు. నేను వస్తే అద్దం బోర్లేసేటోడు.

ఒక మధ్యాహ్నం బాపమ్మ గడప కాడ కూసొని అన్నం తింటున్నది. మక్కగట్క, పచ్చిపులుసు. బాపు వచ్చి ఎదురుంగ గొంతుకూసున్నడు. అమ్మ, నేను వంటింట్లనే ఉన్నం.

"అవ్వా, ఒక్క మాట అడుగుత. కోపానికి రావద్దు."

"అడుగు."

"నేను... మా నాయిన బిడ్డనే గద?"

బాపమ్మ బుక్క చేతిలనే ఆగింది. ఆమెకు ఎనభై దాటినయి. ఊరంత అంటున్నది ఆమె చెవిల పడక కాదు, పడ్డా పలకలె. కుక్కలు మొరుగుతయి అన్నట్టు ఉన్నది ఇన్ని దినాలు. ఇప్పుడు కొడుకు మొహం దిక్కు శాన సేపు చూసింది. బుక్క మళ్ళ పళ్ళెంల పెట్టింది. చెయ్యి కడుక్కొని లోపటికి పోయి, గోడ దిక్కు తిరిగి పండుకున్నది.

బాపు, "గట్ల కాదవ్వా, ఊరోళ్ళ నోరు మూయిద్దామని అడిగిన" అనుకుంట ఎనకనే పోయిండు. ఆమె తిరగలె. ఆ దినంకెళ్ళి కొడుకుతోని మాట బంద్.

మరునాడు నెత్తికి నూనె పెట్టుమన్నది నన్ను. ఎండల కూసోబెట్టి పెడ్తున్న. బాపమ్మ ఎడమ చెంప మీద కాలిన మచ్చ ఉంటది, వేలంత పొడుగు. బెల్లం పాకం మీద పడ్డదని మాకందరికి చెప్పేది. తనే నా వేలు పట్టుకొని ఆ మచ్చ మీద పెట్టింది.

"ఇది పాకం కాదు బిడ్డ. నేనే పెట్టుకున్న. పెండ్లయి వచ్చిన కొత్తల. గడి వంటింట్ల పని నాది. పొద్దుగూకినంక లోపటికి రమ్మని మనిషొచ్చిండు. ఎవలు పిలిస్తే ఎందుకు పిలుస్తరో ఊరాడోళ్ళందరికి ఎర్కే. గంటె పొయ్యిల పెట్టి ఉండె, ఎర్రగ. తీసి చెంపకు పెట్టుకున్న. కాలిన మొహం దొరకు పనికిరాదు గద. ఆ దినంకెళ్ళి నన్ను వంటింట్లకు సుత రానియ్యలె. వాకిలి ఊడ్సుమన్నరు. ఏండ్లు ఊడ్సిన. మీ బాపు పుట్టింది ఆ తర్వాత రెండేండ్లకు."

నూనె గిన్నె పక్కకు పెట్టిన. "తాతకు ఎర్కేనా?"

"లేదు. మొహం పాడు చేసుకున్నవని కొట్టిండు. కొట్టనిచ్చిన. చెప్తే, ఎన్నిసార్లు పిలిచిన్రు, ఎన్నిసార్లు పోయినవని అడుగుతడు. మొగోళ్ళు గదే అడుగుతరు." నా వేలు మచ్చ మీదికెళ్ళి తీసేసింది. "నా కొడుకు అడగడనుకున్న."

"బాపుకు చెప్త బాపమ్మా. ఇప్పుడే చెప్త."

"చెప్పు, చెప్పకపో. అడిగినోడు ఇగ అడగనోడు కాడు."

చెప్పిన. బాపు విని, మంచం పట్టె పట్టుకొని పసిపోరడు లెక్క ఏడ్చిండు. పోయి బాపమ్మ కాళ్ళ కాడ కూసున్నడు. ఆమె కాళ్ళు ముడుచుకున్నది.

అమ్మ సుత విన్నది. రెండు దినాలల్ల ఓట్లు. అమ్మ బాపమ్మ కాడికొచ్చి మెల్లగ అన్నది, "అత్తమ్మా, ఈ ముచ్చట ఊర్ల ఆడోళ్ళకు చెప్తే ఒక్క ఓటు అటు పోదు."

బాపమ్మ అమ్మ దిక్కు చూసి, "నా చెంప చూపిచ్చి ఓట్లడుగుతవా భూమక్కా?" అన్నది.

అమ్మ మళ్ళ ఆ మాట ఎత్తలె.

*

ఓట్ల దినం బాపమ్మను ఆటోల తీసుకపోయిన. లైన్ల నిలబడ్డ పోరలు, "దొరసాని వచ్చింది, జాగియ్యిండ్రి" అని పక్కకు జరిగిన్రు. బాపమ్మ వాళ్ళ నడుమకెళ్ళి నడిచి పోయి ఓటేసి వచ్చింది.

ఆ సాయంత్రమే లెక్కబెట్టిన్రు. అమ్మ గెలిచింది.

డప్పులు కొట్టుకుంట, గులాలు చల్లుకుంట మా ఇంటి ముందటికొచ్చిన్రు. నేను సుత ఎగిరిన. ఇన్ని దినాలు అన్నదంత ఊరు నమ్మలేదు, అందుకే గెలిపిచ్చిన్రు అనుకున్న. అప్పుడు ముసలోళ్ళు నలుగురైదుగురు ముందటికొచ్చిన్రు. అమ్మ కాడికి కాదు, బాపు కాడికి. అందర్ల పెద్దాయన వంగి బాపు కాళ్ళకు చెయ్యి తాకిచ్చి కండ్లకద్దుకున్నడు.

"గడి కోడలు భూమక్క నిలబడ్డంక పనోని పెండ్లానికి ఎట్లేస్తం దొరా? మేం ఆ ఇంటి ఉప్పు తిన్నోళ్ళం. నా పింఛను ముచ్చట జర చూడు."

ఎకసెక్కం కాదు. నిజంగనే అంటున్నడు. ఎనకున్నోళ్ళు సుత చేతులు జోడిచ్చిన్రు. డప్పుల చప్పుడుల నాకు చెవులు గుయ్యిమన్నయి. అమ్మ నా దిక్కు చూసింది, చూపు తిప్పుకున్నది.

బాపు కాళ్ళు ఎనకకు తీసుకుంటడని చూసిన. తీసుకోలె.

గంతలనే గడి కారొచ్చి ఆగింది. మేడం దిగింది. రుక్మాబాయి, రాములు యాడ ఉన్నరో కనబడలె. మేడం నవ్వుకుంట అమ్మ మెడల దండేసింది. "ఎవరు గెలిస్తే ఏంటి, మన ఇంటి మనిషే గెలిచింది," అన్నది అందరికి ఇనబడేటట్టు. రాజుల బొమ్మల ఉండేటసొంటి జరీ శాలువ తెచ్చింది. దాన్ని ఇప్పి పట్టుకొని బాపు దిక్కు తిరిగింది.

"ఏం బాబాయ్, గడికి రావడమే మానేశారు?"

గంగారాం అని, నువ్వు అని, చెప్పులిడిచి బయట నిలబడే మనిషిని పిలిచిన నోరది. బాపు ఆమె మొహం దిక్కు చూసిండు. ఆయనకు అంత ఎర్కే. నేనే చెప్పిన, ఏడ్చిండు, నా కండ్లతోని చూసిన. శాలువ కప్పిచ్చుకునేటందుకు తల వంచిండు.

"వస్త అమ్మా," అన్నడు. "ఎందుకు రాను?"

జనం చప్పట్లు కొట్టిన్రు.

లోపట బాపమ్మ దీపం ముట్టిచ్చుకుంట ఉన్నది. కిటికి తెరిచే ఉన్నది. అగ్గిపుల్ల వేళ్ళ దాంక కాలినా ఆమె పారెయ్యలె. నేను పోయి గుంజి పారేసిన.

"రేపు నన్ను బిచ్కుంద తోలియ్యి," అన్నది. "హన్మవ్వ కాడికి."

హన్మవ్వ మా మేనత్త. కౌలు పొలం, రెండర్రల ఇల్లు. ఎన్నిసార్లు పిలిచినా బాపమ్మ కొడుకును ఇడిచి పోయేది కాదు.

మరునాడు పొద్దుగాల ఎల్లారెడ్డి బస్టాండుకు బాపు సుత వచ్చిండు. సంచి ఆయనే పట్టుకున్నడు. శాలువ ఇంట్ల పెట్టి వచ్చిండు. బస్సు కాడ, "అవ్వా, పండుగకు తోలుకొస్త," అన్నడు. బాపమ్మ ఆయన చేతులకెళ్ళి సంచి తీసుకున్నది, కూలోని దగ్గర తీసుకున్నట్టు, మొహం చూడకుంట. నేను ఆమెను ఎక్కిచ్చి పక్కన కూసున్న. బస్సు కదిలినంక సుత బాపు అక్కడనే నిలబడి ఉన్నడు. కిటికీల పక్క మొహం కనబడ్డది. ఎంత మంచి ముక్కు.

బాపమ్మ మళ్ళ ఆ ఊరికి రాలె. ఇప్పుడు బాపు చెప్పులిడువకుంటనే గడిలకు పోతడు. అమ్మ సంతకాలు గడి హాలులనే అయితున్నయి. పెండ్లోళ్ళు ఆ ఫ్లెక్సీ ముందట నిలబడి ఫోటోలు దిగుతరు.

ఆ దినం బస్సు నిజాంసాగర్ దాటినంక ఒక ఆమె ఎక్కి మా ముందటి సీట్ల కూసున్నది. మరాఠి కలిపిన తెలుగు. బిచ్కుంద సంతకు పోతున్నదట. ఎనకకు తిరిగి బాపమ్మతోని ముచ్చట పెట్టింది. ఏ ఊరు, యాడికి, ఎవలింటికి. బిడ్డ కాడికి పోతున్నని బాపమ్మ చెప్పింది.

"ముసలితనంల బిడ్డ కాడికా? కొడుకులు లేరా అవ్వా?"

"ఒక్కడుండె."

"ఏమయిండు?"

"గడికిచ్చిన," అన్నది బాపమ్మ.

ఆమె అయ్యో అన్నట్టు నాలుక చప్పరిచ్చింది. పిల్లలను దొరల కాడ జీతానికి ఇడిచే కాలం చూసిందామె. "జీతానికి పెట్టినవా?"

బాపమ్మ సంచి ఒళ్ళకు గుంజుకున్నది.

"కాదు," అన్నది. "ఊకెనే."